గెలిచినప్పుడల్లా అయ్యో అన్న మనిషి

నేను చేసే పనేమిటో మా ఊళ్లో వాళ్లకు ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. మాది చౌడేపల్లె పక్కన చిన్న పల్లె. అమ్మా నాన్నా టమోటా తోటల్లో కూలికి పోయి నన్ను చదివించారు. మెదడు మీద పరిశోధన అంటే డాక్టరునని అనుకుంటారు. కంప్యూటర్ పని అంటే బెంగుళూరులో సాఫ్టువేరు అనుకుంటారు. రెండూ కలిపి చెబితే, ఈ పిల్లకి ఇంకా సరైన ఉద్యోగం దొరకలేదని జాలిపడతారు. మా నాన్న ఒక్కడే దాన్ని తనకు నచ్చినట్టు కుదించుకున్నాడు. "ఎదుటోడి మనసులో ఏముండాదో మనం కనుక్కుంటాము గదా, ఎట్లా కనుక్కుంటామో అది కనుక్కుంటాది మా పాప," అని టీ అంగడి దగ్గర చెప్పేవాడు. విన్నవాళ్లు తల ఊపి వేరే మాట ఎత్తుకునేవాళ్లు. నిజానికి అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

కుప్పంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. పాఠాలు అయిపోయాక మిగిలిన టైములో ఈ పని. మాకున్నది ఒక గది, నాలుగు ల్యాప్‌టాపులు, శబ్దం ఎక్కువ గాలి తక్కువ ఇచ్చే ఒక ఫ్యాను. మెదడును ఫొటో తీసే పెద్ద మిషను కావాలంటే బెంగుళూరు రైలెక్కాలి. అందుకని మేము ఎక్కువగా ఆటలు ఆడిస్తాం. మనుషులు ఆడిన తీరును కంప్యూటర్‌లో లెక్కగా రాసి, ఆ లెక్కను బట్టి తలలో ఏం జరిగిందో ఊహిస్తాం.

ఆట కూడా కొత్తదేం కాదు, సరి బేసి. ఒకరు పిడికిట్లో గింజలు దాస్తారు, రెండోవాళ్లు సరో బేసో చెబుతారు. సరిగ్గా చెబితే చెప్పినవాళ్లు గెలిచినట్టు, తప్పయితే దాచినవాళ్లు గెలిచినట్టు. మా ఆటలో దాచేది కంప్యూటర్. కానీ ఆడేవాళ్లకు అవతల ఒక మనిషి, ఒక చిన్నపిల్ల, ఉన్నట్టు చెబుతాం, లేకపోతే మనిషి మనసును ఊహించే పని వాళ్ల తల చెయ్యదు. అంతా అయ్యాక అసలు సంగతి చెప్పెయ్యాలి, అది నియమం. కంప్యూటర్‌కు ఒక అలవాటు పెడతాం. తను గెలిస్తే మళ్లీ అదే దాస్తుంది, సరి అయితే సరే. ఓడితే రెండోదానికి మారుస్తుంది. ఎనభై సార్లు ఆడాలి. నలభై అయ్యాక ఆ అలవాటును చెప్పకుండా తిరగేస్తాం. ఆడేవాళ్లు మొదట ఒక అంచనా వేసుకుంటారు, అది తప్పితే ఆశ్చర్యపోతారు, ఎంత ఆశ్చర్యపోతే అంత దిద్దుకుంటారు. ఆ దిద్దుకోవడమే మా లెక్క. కొంతమంది ఇంకో మెట్టు దిగుతారు. "నేనిట్లా అనుకుంటానని ఆ పిల్ల అనుకుంటుంది కదా" అని. ఎవరు ఎన్ని మెట్లు దిగారో జవాబుల వరస చూసి మోడల్, అంటే కంప్యూటర్‌లో రాసిన ఆ లెక్క, చెప్పేస్తుంది. నేను దాన్ని నమ్మాను, ఇప్పుడు కూడా నమ్ముతాను. కాకపోతే కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని నమ్ముతాను.

ఈ ఆట నాకు ఎవరు నేర్పారో చెప్పాలి. మా మేనత్త మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది, పిల్లల వార్డులో. మొగుడు చిన్నప్పుడే పోయాడు, ఒక్క కొడుకు. నాకు ఏడేళ్లప్పుడు నన్ను తన క్వార్టర్‌కు తీసుకుపోయి మిషన్ స్కూల్లో రెండో తరగతిలో వేసింది. అమ్మను వదిలి వచ్చిన ఆ మొదటి నెలల్లో రోజూ ఏడ్చేదాన్నట. నాకది గుర్తులేదు. నాకు గుర్తున్నది సాయంత్రం ప్రార్థన అయ్యాక అత్త కొంగు ముడి విప్పి చింతగింజలు తీయడం, నేను వరసగా గెలవడం. పది సార్లు ఆడితే ఏడో ఎనిమిదో నావే. "నీ తలకాయ పాదరసం మే," అనేది అత్త. బావ కూడా ఆడేవాడు గానీ వాడికి నాకు వచ్చినన్ని వచ్చేవి కావు, అందుకు ఉడుక్కునేవాడు.

ఆ పాదరసం మాటను నేను చాలా దూరం మోసుకుపోయాను. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో, ఈ చదువు వైపు ఎందుకొచ్చావని అడిగితే, మా అత్త మనసు చదివి గెలవడం ఏడేళ్లకే వచ్చిందని చెప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్దలు ముచ్చటపడి నవ్వారు. సీటు కూడా వచ్చింది.

అత్త రిటైరయ్యాక బావ దగ్గరికి పుంగనూరు వచ్చేసింది. బావ బస్సు డిపోలో గుమాస్తా, వాళ్లావిడ బళ్లో టీచరు. వాళ్లకొక పాప. పుట్టిన ఇరవయ్యో రోజు నుంచీ ఆ పిల్ల అత్త చేతుల్లోనే ఉంది. వాళ్లిద్దరూ పొద్దున ఎనిమిదింటికి బయటపడితే, ఇంటికి చేరేది సాయంత్రమే. ఆ మధ్యలో ఇల్లంతా అత్తదీ పాపదీ.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున అత్త ఎడమచేతిలోంచి గ్లాసు జారిపోయింది. మూతి కొంచెం పక్కకు లాగింది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయారు కాబట్టి మందులకు లొంగింది. నెల తిరిగేసరికి నడిచింది, తల తనే దువ్వుకుంది. మాట మాత్రం కాస్త నెమ్మదించింది. అందరం గండం గడిచిందనుకున్నాం.

తర్వాత బావ ఫోన్ చేశాడు. పాపకు అప్పటికి రెండున్నరేళ్లు. బావ చెప్పింది ఇది. ఒకరోజు మధ్యాహ్నం ఏదో కాగితం మరిచిపోయి ఇంటికి వస్తే, పాప గడప దగ్గర పడి ఏడుస్తోంది. అత్త నాలుగడుగుల దూరంలో కూర్చుని చూస్తూ ఉంది, లేవలేదు.

"కాలూ చెయ్యీ బాగానే ఉండాయమ్మా. కానీ బిడ్డ ఏడుస్తాండాదని తెలుస్తాందో లేదో అర్థం కాలేదు. నాకు భయమేసింది," అన్నాడు. "నువ్వు మెదడు చదువు చదివినావు గదా. ఒకసారి వచ్చి సూసి చెప్పు. పాపని ఆమె దగ్గర వదలచ్చా, వద్దా?"

నేను ఆ డాక్టరును కాదు అని చెప్పాలి. చెప్పాను కూడా, ఒక్కసారి, మెల్లగా. ఆ వెంటనే స్కానింగ్ రిపోర్టు పంపించమన్నాను. అడిగితే సలహా ఇవ్వడం ఎవరికి చేదు? ఫోన్‌లో వచ్చిన కాగితం చదివాను. దెబ్బ కుడివైపు, చెవికి వెనక, కాస్త పైన, చిన్నది.  ఎదుటి మనిషి మనసును ఊహించేటప్పుడు పనిచేసే చోటు అని మా చదువులో అందరూ వేలుపెట్టి చూపించేది సుమారుగా అక్కడే. ఆ కాగితం చూసిన క్షణంలోనే నా తీర్పు సగం రాసేసుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆదివారం ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కుప్పంలో బస్సెక్కి, వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు చేరాను. వాళ్లు చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చోబోతున్నారు. తిన్నాక ముందరింట్లో చాప వేసి ల్యాప్‌టాప్ తెరిచాను. తెర మీద రెండు జడల పిల్ల బొమ్మ కనబడుతుంది. అది మా గదిలో గీయించిన బొమ్మ. బావ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆట ఎట్లా ఆడాలో చెప్పడానికి మాకొక కాగితం ఉంటుంది. అందరికీ ఒకే మాటలు చెప్పాలని అందులో ఉన్నదే చదువుతాం. అత్తకు దాన్నే మా మాటల్లో చెప్పాను.

"అత్తా, ఆ పక్క ఒక పాప కూర్చోనుండాది. పిడికిట్లో గింజలు దాచిపెడతాది. సరో బేసో నువ్వు చెప్పాల."

"యాడ కూర్చోనుండాది?"

"కుప్పంలో, మా గదిలో."

"ఒక్కతేనా?"

"ఊ, ఒక్కతే."

అత్త బొమ్మకేసి కాసేపు చూసింది. "ఎన్నేండ్లుంటాయి?"

"తొమ్మిదో పదో."

"అన్నం తిన్నిందా?"

నాకు విసుగొచ్చింది. సంబంధం లేని ప్రశ్నలు వేస్తే నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు, రాసుకున్నాను. "తినింటాదిలే అత్తా. నువ్వు ఆట సూడు."

"నేను ఓడిపోతే ఏమన్నా అవుతాదామ్మా?"

దీనికి జవాబు మా కాగితంలోనే ఉంది. చాలామంది అడుగుతారు కాబట్టి రాసిపెట్టుకున్నాం. దాన్నే చదివాను. "ఓడినా గెలిచినా ఏమీ కాదత్తా. ఊరికే ఆట."

తలుపు దగ్గర బావ కాలు మార్చి నిలబడ్డాడు.

అత్త కుడిచేత్తో మీటలు నొక్కింది, తొందరేమీ లేకుండా. ఒక్కోసారి నొక్కేముందు బొమ్మను చూసేది. మొదట్లో కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. ఆ తర్వాత దాదాపు అన్నీ ఓటమే. ఓడినప్పుడల్లా ముఖం తేటగా ఉంది. సగం దాటాక ఉన్నట్టుండి వరసగా గెలవడం మొదలుపెట్టింది. గెలిచినప్పుడల్లా నాలుక చప్పరించి "అయ్యో" అంది. ఏడు సార్లు "అయ్యో" అంది. మళ్లీ ఓడడం మొదలయ్యాక కుదుటపడింది. నేను రాసుకున్నది ఇది: గెలిస్తే బాధపడుతోంది, ఓడితే ఊరట పడుతోంది. ఫలితం అర్థం కావడం లేదు.

చివరికి ఎనభైకి ఇరవై రెండు. కళ్లు మూసుకుని నొక్కినా నలభై వస్తాయి.

"ఆ పాపకి ఏమన్నా తినేదానికి పెట్టండమ్మా, శానా సేపు కూర్చోనింది," అంది అత్త. ఆ పాప లేదని అప్పుడే చెప్పాలి, నియమం ప్రకారం. కానీ ఇక ఇప్పుడు చెప్పి ఏం లాభం, చెప్పినా తెలియదు అనుకున్నాను. ల్యాప్‌టాప్ మూసి బయటికి వచ్చాను.

వాకిట్లో బావ మోటారుసైకిల్ పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. నేను పాఠం చెప్పినట్టు చెప్పాను. ఎదుటివాళ్లు ఏం చేస్తారో ఊహించే శక్తి దెబ్బతిన్నట్టుందని, రిపోర్టులో చోటు కూడా దానికి సరిపోతోందని, పాపను కొన్నాళ్లు ఒంటరిగా వదలకపోవడమే మంచిదని. బావ సీటు మీద దుమ్ము లేకపోయినా రెండుసార్లు తుడిచాడు.

వారం లోపల పాపను బస్టాండు దగ్గర పిల్లల బడిలో వేశారు. పొద్దున బావ దించి పోతాడు, సాయంత్రం వాళ్లావిడ తెచ్చుకుంటుంది. పాపను ఎత్తుకోవద్దని అత్తకు చెప్పారు, చేతి పట్టు సరిగా లేదని సాకు పెట్టి. అత్త ఎదురు చెప్పలేదట. నాకు ఫోన్ చేసినప్పుడు ఎప్పటిలాగే బాగుండావా, తింటాండావా అనేది. ఒక్కసారి మాత్రం, "పాపని బడికి పంపిస్తాండారు మే. మూడేండ్లన్నా నిండలేదు," అంది. "మంచిదేలే అత్తా, నేర్చుకుంటాది," అన్నాను. "పొద్దు పోదు," అంది. ఆమెకు పొద్దుపోదని చెప్పడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. అయినా పాపం జబ్బు మనిషి అనుకుని ఊరుకున్నాను.

తర్వాత చలికాలంలో, కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకు బొమ్మా బొరుసూ లెక్కలు చెబుతున్నాను. ప్రతి ఏడూ చెప్పే పాఠమే, నోటికి వచ్చేసింది. "నాణెం ఎటు పడుతుందో వందకు వందసార్లు సరిగ్గా చెప్పేవాడికి ఏదో తెలుసు. వందకు వందసార్లు తప్పుగా చెప్పేవాడికి కూడా అంతే తెలుసు. ఏమీ తెలియనివాడికి సగం వస్తాయి," అన్నాను. అన్నాక చాక్‌పీసు బోర్డు మీదే ఆగిపోయింది. ఇరవై రెండు. ఏమీ తెలియకపోతే నలభై రావాలి. ఇరవై రెండు ఎట్లా వచ్చాయి?

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. అది నాకోసమే పుట్టించినట్టుంది. క్లాసు ఎట్లా పూర్తి చేశానో తెలియదు. గదికి పోయి అత్త ఆడిన వరస తీశాను. మొదటి పదింటిలో తడుముకుంది. కంప్యూటర్ అలవాటు అప్పటికే పట్టేసింది. అక్కడి నుంచి అది సరి దాస్తుందని తెలిసిన దాదాపు ప్రతిసారీ బేసి అంది. బేసి దాస్తుందని తెలిస్తే సరి అంది. నలభై దగ్గర మేము అలవాటు తిరగేశాం. పాత అలవాటు ప్రకారం ఓడిపోవాలని చూసిన మనిషి ఒక్కసారిగా గెలవడం మొదలుపెట్టింది. అవే ఆ ఏడు అయ్యోలు. ఏడు ఆటల్లోనే కొత్త అలవాటు కూడా పట్టేసి మళ్లీ ఓడింది. మా కాలేజీ పిల్లల్లో చాలామందికి ఆ మార్పు పట్టుకోవడానికి పదిహేను సార్లు పడుతుంది.

మా లెక్కకంతటికీ అడుగున ఒక మాట ఉంది. ఆడేవాళ్లు గెలవాలని ఆడతారు, అంతే. మేము దాన్ని ఎక్కడా రాయలేదు, ఎందుకంటే అది అనుమానించాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, ఆ మూడు కాళ్లతోనే ఇన్నాళ్లూ నడిపించాను. గెలుపు ముందు ఉన్న కూడిక గుర్తును తీసివేతగా మార్చి, అంటే ఓడాలనే ఆడినట్టు లెక్కగట్టి, మోడల్‌ను మళ్లీ నడిపాను. అత్త ఆట అందులో చక్కగా ఒదిగింది. ఆమె రెండు మెట్లు దిగింది. తను తప్పు చెబుతోందని అవతలి పిల్ల పసిగట్టకుండా, మధ్యమధ్య ఒకటి గెలిచి మరీ ఓడింది.

మా దగ్గర "ఆట అర్థం కానివాళ్లు" అని పేరు పెట్టి పక్కనపడేసిన ఫైళ్లు కొన్ని ఉన్నాయి. నిమ్మనపల్లెలో, పెద్దమండ్యంలో పల్లెలు తిరిగి ఆడించినవి. ఎక్కువమంది పెద్ద వయసు ఆడవాళ్లు. అవి కూడా తెరిచి చూశాను. కొందరికి నిజంగానే ఆట అర్థం కాలేదు. మిగతావాళ్లు అత్తలాగే ఆడారు. అంతమంది ఒకే పని చేస్తే, అది నాకు తప్పుగా కనబడింది. నాకు చాలా సిగ్గేసింది. ఆ పైన భయం కూడా వేసింది, ఎందుకంటే ఆ ఫైళ్లు ఫైళ్లే, అత్త దగ్గర నుంచి మాత్రం నేనొక బిడ్డను తీసేయించాను.

మరుసటి రోజు సెలవు పెట్టి పుంగనూరు పోయాను. పదకొండు గంటలయి ఉంటుంది. అత్త గడప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఎడమచేత్తో కాయ పట్టుకుని కుడిచేత్తో గింజ తీస్తోంది. చేట దగ్గరికి జరుపుకుని నేనూ కూర్చున్నాను. కాసేపు ఒలిచాక అడిగాను.

"అత్తా, ఆ పొద్దు ఆటలో కావాలనే ఓడిపోయినావా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "మరి? ఒక్కతే కూర్చోనుండే బిడ్డతో గెల్సేదేంది మే?"

"అట్ల ఓడాలని ఎవరు చెప్పినారు?"

"ఎవురు సెప్పేది. వార్డులో మేము ఆయాలు పెట్టుకునింది. సూది వేసే ముందర పిల్లోల్లతో ఆడితే ఓడాల. గెల్సినోడు సెయ్యి సాపుతాడు. ఓడినోడు సెయ్యి దాసిపెట్టుకుంటాడు." ఇంకో కాయ ఒలిచింది. "ఊరికే ఓడితే పిల్లోల్లకి తెలిసిపోతాదమ్మా. మొదట్లో రెండు మనం గెలవాల. మద్దెన ఒగటి గెలవాల. ఇంగ సూది పడే టయానికి వాడే గెలవాల. కష్టమే అది."

నేను పదేళ్లు చదివి లెక్కల్లో రాసింది ఆమె చేటలో గింజలు వేస్తూ చెప్పేసింది.

"పాప గడప కాడ పడి ఏడ్సిందంట. నువ్వు లెయ్యలేదంట," అన్నాను.

"పడినాక నా తట్టు సూసి ఏడ్సింది. దెబ్బ తగిలినోల్లు సుట్టూ సూడరు మే. నేను పరిగెత్తింటే రోజూ పడేది. రెండు నిమసాలు ఓర్సుకుంటే తానే లేస్తాది. ఆ రెండు నిమసాల్లోనే వాడు వచ్చినాడు."

ఇక నాకు మిగిలింది చెప్పడమే. "అత్తా, ఆడ పాప ఎవరూ లేదు. కంప్యూటరే ఆడింది."

ఆమె చెయ్యి ఆగింది. "ఎవురూ లేరా?"

"లేరు."

"రెండు జడలేసుకోనుండ్య గదా."

"బొమ్మత్తా అది."

 వీధిలో కూరగాయల ఆటో ఒకటి అరుచుకుంటూ పోయింది. "అట్లయితే ఆ పొద్దే సెప్పింటే గెల్సిందును గదమ్మా," అంది. కోపంగా అనలేదు. "ఓడినా ఏం కాదంటివి గదా నువ్వు. వాడు తలుపు కాడ నిలబడి సూస్తాండాడని నాకు తెలుసు. ఏమో ఇదేదో నన్ను సూసేదానికేనేమో అని కూడా అనిపించింది. కానీ నువ్వు ఏం కాదంటివి. నువ్వు నాకు అబద్ధం సెప్తావా అనుకుంటి."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "బావకి నేనే చెప్పినానత్తా, పాపని నీ దగ్గర వదలద్దని."

"తెలుసు," అంది. చేట పక్కకు పెట్టి నా ముఖం కొంగుతో తుడిచింది. ఎడమచేత్తోనే తుడిచింది.

బావ మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. ఆ మోటారుసైకిల్ పక్కనే నిలబెట్టి అంతా చెప్పాను. లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ లెక్కలు నాకొద్దు. నువ్వు చెప్తే నమ్మితిని. మా అమ్మని నేను కండ్లారా సూస్తా కూడా నీ మాట నమ్మితిని," అన్నాడు. ఆ కోపం నా మీద ఎంతో, తన మీద ఎంతో నాకు తెలియలేదు. అన్నం తినకుండానే బండి తీశాడు. ఇరవై నిమిషాల్లో బడి సంచీతో సహా పాపను ముందు కూర్చోబెట్టుకుని వచ్చాడు. పాప దిగి నేరుగా అత్త దగ్గరికి పోయింది. అత్త ఎత్తుకోలేదు. ఎత్తుకోవద్దన్న మాట ఇంకా అమల్లో ఉందేమోనని బావకేసి చూసింది. ఆ చూపు నేను జన్మలో మరవను. పాప ఆ చూపుతో పని లేకుండా తనే ఎక్కి ఒళ్లో కూర్చుంది.

సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది. వంటింట్లో డబ్బాలోంచి చింతగింజలు తెచ్చాను.

"అత్తా, ఒక పది ఆడదాం. నిజంగా ఆడాల."

"ఓడిపోతే ఏడవగూడదు మరి," అంది.

"ఇంగ ఏడ్చేదానికి ఏం మిగల్లేదులే."

నేను దాచాను, ఆమె చెప్పింది. సరి అంటే సరి, బేసి అంటే బేసి. నాకు తెలిసిన తంత్రాలన్నీ వాడాను. వరసగా మూడుసార్లు సరి పట్టాను, మనసులో లెక్కపెట్టుకుని మార్చాను. నేను మెట్టు దిగితే ఆమె ముందే అక్కడ ఉంది. పదికి తొమ్మిది ఆమె గెలిచింది. పాప ప్రతిదానికీ చప్పట్లు కొట్టింది, ఎవరు గెలిచారన్నది దానికి పట్టలేదు.

"ఎట్లా కనుక్కుంటావత్తా?"

"సరి పట్టుకుంటే బొటనేలు లోపలికి మడుస్తావు. రెండో తరగతి నించీ అంతే."

రెండో తరగతి నుంచీ. మరి పదికి ఏడూ ఎనిమిదీ? మరి పాదరసం? ఇంటర్వ్యూలో నేను చెప్పుకున్న గొప్ప? 

"మరి అన్నేండ్లు యాల ఓడిపోతా వచ్చినావత్తా?"

అత్త పాప చేతిలోంచి గింజ ఒకటి తీసుకుంది, నోట్లో పెట్టుకుంటుందని. "అమ్మని వదిలిపెట్టి వచ్చింటివి. రోజూ ఒకటే ఏడుపు. గెల్సిన పొద్దు అన్నం తినేదానివి," అంది.

ఆ పూట బస్సు వదిలేశాను. అనపగింజల కూర వేసి అన్నం పెట్టింది. పదికి తొమ్మిది ఓడిపోయి కూడా రెండోసారి అడిగి పెట్టించుకుని తిన్నాను.